రైటమ్మ ఊదిన దీపం

డిపోలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆవిడ రైటమ్మే. ఇరవైతొమ్మిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడి, రోజుకు ఎన్ని వందలసార్లో "రైట్, రైట్" అని అరిచిన గొంతుకు మరో పేరు అతికేది కాదు మరి.

ఆవిడ బస్సు ఎక్కినవాళ్ళకు రెండు సంగతులు గుర్తుండిపోయేవి. టిక్కెట్ల సంచిలో చిల్లరతో పాటు ఒక పిన్నీసుల డబ్బా ఉండేది. చెప్పు తెగినా, సంచి పట్టీ ఊడినా, "ఇంద తల్లీ" అంటూ ఒక పిన్నీసు చేతిలో పడేది. ఇక కండక్టరు సీట్లో ఆవిడ కూర్చోగా చూసిన పాపాన ఎవరూ పోలేదు. అందులో ఎప్పుడూ ఎవరో ఒక అలసిన ప్రాణి కునుకు తీస్తూ ఉండేది. ఆవిడ మాత్రం కిక్కిరిసిన జనం మధ్య వెనక తలుపు దగ్గర నిలబడి, బస్సు రేకు మీద అరచేత్తో చరిచేది. ఒక్క చరుపు చరిస్తే ఆగు. రెండు చరిస్తే పోనీ. ఆ లెక్క తప్పి ఆవిడ దగ్గర బతికి బట్టకట్టిన డ్రైవరు లేడు. నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళకు ఒక విద్య కూడా అబ్బింది. బరువు ఎక్కువై బస్సు ఎటు ఒరుగుతోందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. "ఎడమ పక్కన ఉన్నవాళ్ళు నలుగురు కుడి పక్కకు రండమ్మా, బండికి నడుం పట్టేస్తోంది" అనేది.

ఉద్యోగం అయిపోయిన రెండో ఏడు, కూతురు ఫోన్ చేసి భుజం దగ్గర ఎముక విరిగిందని చెప్పింది.

"ఎలా విరిగిందే?"

"బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడ్డానమ్మా."

"మొగుడు చూస్తే గాజు దీపాలు చేసేవాడు. పెళ్ళాం చూస్తే బల్బు మార్చడం రానిది. బాగుంది సంబడం!" అంటూనే రైటమ్మ పెట్టె సర్దేసింది.

అల్లుడి పని షెడ్డు ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. గోడ మీద "మంచు అమ్మబడును" అన్న అక్షరాలు ఇంకా వెలిసీ వెలియకుండా ఉన్నాయి. సరిగ్గా వాటి కిందే ఇప్పుడు రాత్రీ పగలూ ఆరని కొలిమి. కొలిమిలో మట్టి మూస, మూసలో పాకంలా కరిగిన గాజు. పొడవాటి ఇనుప గొట్టం కొసకు ఆ గాజును చుట్టి తీసి, రెండు ఇనుప చేతులున్న బల్ల మీద ఆనించి, ఎడమ చేత్తో గొట్టాన్ని దొర్లిస్తూ, కుడి చేతిలో తడి వార్తాపత్రిక మడత పట్టుకుని ఆ నిప్పుముద్దను నిమిరి నిమిరి నునుపు చేస్తాడు అల్లుడు. గొట్టం రెండో కొస నుంచి ఒక మనిషి ఊదాలి. గట్టిపడితే పక్కనున్న వేడిగూట్లో పెట్టి మెత్తబరిచి మళ్ళీ మొదలు. ఎన్ని చేసినా గొట్టం తిరుగుతూనే ఉండాలి. ఒక్క క్షణం ఆగిందా, గాజు తేనెలా కిందికి జారిపోతుంది. పదహారేళ్ళ అలవాటు కదా, అల్లుడు అన్నం ముందు కూర్చున్నా మంచినీళ్ళ గ్లాసును వేళ్ళతో తిప్పుతూనే ఉంటాడు. వర్షంలో గొడుగు చేతికిస్తే గొడుగునూ తిప్పుతాడు, పక్కవాళ్ళు తడిసి ముద్దవుతారు.

మనిషి బంగారం. కాకపోతే నోట్లో నాలుక లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అత్తగారితో అతను పలికినవి మూడే వాక్యాలు. "బాగున్నారా అత్తయ్యగారూ?" "భోంచేశారా అత్తయ్యగారూ?" "జాగ్రత్తగా వెళ్ళిరండి అత్తయ్యగారూ." వాటినే అటూ ఇటూ మార్చి వాడుకునేవాడు. గాజుతో మాత్రం గలగలా మాట్లాడేవాడు. "రా తల్లీ, రా. తొందరేముంది? అదిగో, అలిగావా? ఇలా తిరుగు" అని అతను బుజ్జగించడం తొలిసారి తలుపు చాటునుంచి విన్నప్పుడు రైటమ్మ ఎవరో పరాయి మనిషి వచ్చాడనుకుని పైట సర్దుకుంది.

ఆ ఇంట్లో దిగిన రెండు రోజులకే ఆవిడకు సంగతి తెలిసింది. విరిగింది కూతురి ఎముక ఒక్కటే కాదు.

ఊళ్ళో కంటి ఆస్పత్రి డాక్టరమ్మ ఒకావిడ పన్నెండు దీపాలు చేయించాలనుకుంది. చుక్కల మందు వేయించుకుని కూర్చున్న రోగులకు మామూలు వెలుతురు సూదుల్లా గుచ్చుకుంటుంది. వాళ్ళు కూర్చునే హాలుకు పాలరంగు గాజు గోళాలు కావాలి. గాజు మందం అన్ని వైపులా ఒకేలా ఉండాలి, పలచనైన చోటల్లా సూదే. "ముందు ఒకటి చేసి చూపించండి. అది నచ్చితే మిగతా పదకొండూ మీవే" అందావిడ. సరిగ్గా అప్పుడే మూస అడుగున వెంట్రుకంత పగులు వచ్చింది. చుక్కచుక్కగా గాజు కారిపోతోంది. అందులో మిగిలింది రెండు దీపాలకు సరిపడా సరుకు. గురువారానికల్లా మూస చేతులెత్తేస్తుంది, కొలిమి ఆర్పక తప్పదు. పన్నెండు దీపాల పని దొరికితే కొత్త మూస, కొత్త ఇటుకలు, కొత్త కొలిమి. దొరక్కపోతే కొలిమి ఆరింది ఆరినట్టే. కిటికీ అద్దాల దుకాణం వాళ్ళు అద్దాలు కోయడానికి సోమవారం నుంచి రమ్మన్నారు.

"అదీ గాజేగా" అన్నాడు అల్లుడు భార్యతో, గ్లాసు వైపు చూస్తూ.

"అవునవును. పాటగాడిని పట్టుకుని మైకు మొయ్యమన్నట్టు. అదీ కచేరీయేగా" అంది కూతురు.

రెండు దీపాల సరుకుంది. ఊదే మనిషి లేడు. ఇన్నేళ్ళూ ఊదింది కూతురే. ఇప్పుడు గట్టిగా ఊపిరి తీస్తే ఎముక కలుక్కుమంటోంది. పక్క షెడ్డు వడ్రంగి సాయానికని ఒకపూట వచ్చి, సగం కనుబొమ కాల్చుకుని, మళ్ళీ ఆ గుమ్మం వైపు చూడలేదు.

వడ్డిస్తున్న రైటమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఊదడమేగా? ఇరవైతొమ్మిదేళ్ళు విజిల్ ఊదాను. మా అమ్మ బతికుంటే దీపాన్ని ఊదుతావా అని వీపు విమానం మోత మోగించేదనుకో. అయినా ఇది వెలిగించడానికి ఊదే ఊదుడేగా, పైవాడు ఏమీ అనుకోడు."

అల్లుడు గ్లాసు తిప్పడం ఆపేశాడు.

"మీకెందుకండీ అత్తయ్యగారూ శ్రమ" అన్నాడు. పదకొండేళ్ళలో అది నాలుగో వాక్యం.

మర్నాడు పొద్దున్నే రైటమ్మ చీర చెంగు నడుముకు బిగించి, కొలిమికి ఒక దణ్ణం పెట్టి, గొట్టం చివర గోనెపట్టా మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. కూతురు దూరంగా కుర్చీలో ఉంది. అల్లుడు మూసలోంచి గాజు తీశాడు, పాలరంగు రావడానికి దాని మీద తెల్లగాజు పొర చుట్టాడు, మళ్ళీ గాజు తీశాడు. మంచి కొబ్బరికాయంత నిప్పుముద్ద బల్ల మీదికి వచ్చింది.

గాజు దగ్గర మాట ఒక్క ముక్కలో తెగాలి. మొగుడూ పెళ్ళాలు పని చేసుకునేటప్పుడు "ఊ" అంటే ఊదాలి, "చాలు" అంటే ఆపాలి, అంతే. ఇప్పుడు గొట్టం చివర ఉన్నది అత్తగారు.

"అత్తయ్యగారూ, మీకు ఇబ్బంది లేకపోతే, కొంచెం ఊదుతారాండీ?"

ఆ వాక్యం పూర్తయ్యేసరికి గాజు రాయయింది. మళ్ళీ వేడిగూట్లో పెట్టి తెచ్చాడు. ఈసారి రైటమ్మ ఆలస్యం చేయలేదు. మలుపు తిరుగుతున్న బస్సును ఆపించే లెవెల్లో ఒక్క ఊదు ఊదింది. బుడగ నిమ్మకాయై, నారింజై, గుమ్మడికాయవుతోంది.

"అత్తయ్యగారూ... ఏమీ అనుకోకపోతే... ఇక కాస్త..."

రైటమ్మకు చెవులు బాగానే వినిపిస్తాయి. ఆ "కాస్త" తర్వాత ఏమంటాడోనని ఊదుతూనే ఎదురుచూసింది. "ఆపండి" అన్న మాట వచ్చేసరికి బుడగ ఉల్లిపొరంత పలచనై, చిన్న నిట్టూర్పుతో పేలిపోయింది. గాజు పొరలు గాల్లో తేలుతూ వచ్చి ముగ్గురి జుట్లలో వాలాయి.

అల్లుడు ఖాళీ గొట్టాన్ని బల్లకు ఆనించాడు.

"ఏమండీ," అంది కూతురు. "మీ వాక్యం మొదటి స్టాపులో ఎక్కి చివరి స్టాపులో దిగింది. 'చాలు' అంటే ఏం పోయింది?"

"అత్తయ్యగారిని 'చాలు' అనమంటావా?"

"నన్ను అంటారుగా!"

"నువ్వు వేరు."

"మొహమాటానికి పోతే..." అని సామెత మొదలుపెట్టి, మిగతా సగం తల్లి ముందు అనలేక కూతురు మింగేసింది.

"బాబూ, నన్ను 'ఊదు', 'ఆపు' అనండి. మా డ్రైవర్లు ఇంతకంటే ఘోరంగా అనేవాళ్ళు, నేనూ అనేదాన్ని" అంది రైటమ్మ.

అల్లుడు ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. ముఖం కొలిమి రంగుకు తిరిగింది. "ఆ... ఆపు..." అన్నాడు. తర్వాత ఒక గుటక మింగి, "...తారాండీ" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రైటమ్మ పెరట్లో గిన్నెలు ముందేసుకుని తోముతూ కూర్చుంది. తప్పు ఇద్దరిదీ అని ఆవిడకు తెలుసు. ఆయన నోరు తక్కువ, తన ఊపిరి ఎక్కువ. మిగిలింది ఒక్క దీపానికి సరుకు. ఇది కూడా పోతే, పొద్దున్నే గాజుతో ఊసులాడే ఆ మనిషి సోమవారం నుంచి కిటికీ అద్దాలతో ఏం మాట్లాడతాడు? "దేవుడా, నేను తిండి దండగకు రాలేదు. ఏదో ఒక దారి చూపించు" అనుకుంటూ, చేతిలో ఉన్న సత్తు గిన్నెను అలవాటు కొద్దీ రెండుసార్లు చరిచి బోర్లించింది.

చెయ్యి అలాగే ఆగిపోయింది. తడిచేతుల్తోనే షెడ్డులోకి పరుగెత్తింది.

"బాబూ, ఇక మాటలొద్దు! నేనూ మా డ్రైవర్లూ ఇరవైతొమ్మిదేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బండి నడిపాం. ఒక్క చరుపు ఆగు, రెండు చరుపులు పోనీ. ఆ పట్టకారు పెట్టి బల్ల మీద కొట్టండి. చప్పుడులో నువ్వూ మీరూ ఉండవు."

అల్లుడు పట్టకారు వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, చివరికి అత్తగారి వైపు కూడా చూశాడు. ముఖం మీది మబ్బు కాస్త విడిపోయింది.

గాజు వృథా చేయడానికి వీల్లేదు కనుక కూతురు ఒక ఉపాయం చెప్పింది. ఉత్త గొట్టం చివర బెలూన్ కట్టి సాధన చేయమంది. కట్టి మొదలుపెట్టారు. టక్ టక్. ఊదాల్సిన రైటమ్మ గొట్టం వదిలేసి "రైట్, రైట్!" అని అరిచింది.

"అమ్మా! నువ్వు కండక్టరువి కాదు, డ్రైవరువి!"

"తెలుసులేవే. ఇన్నేళ్ళూ చరిచిన చెయ్యి ఇది. చరిపించుకోవడం ఒక్క పూటలో వస్తుందా?"

రెండో బెలూన్ పేలింది. మూడోది సగంలో ఊడి, బుర్రుమంటూ షెడ్డంతా తిరిగి, కిటికీలో నిద్రపోతున్న పిల్లిని గోడ దాటించింది. తొమ్మిదో బెలూన్ దగ్గర దారిలో పడ్డారు. పదిహేనోది అల్లుడి పట్టకారు చెప్పినట్టల్లా పెరిగింది, ఆగమన్నచోట ఆగింది.

అప్పుడు రైటమ్మ ఒక షరతు పెట్టింది. "ఇంకో మాట బాబూ. వెనక తలుపు దగ్గర జరిగేది డ్రైవరుకు కనబడదు. ఇప్పుడు నేను వెనక ఉన్నాను. అవసరమైతే నేనూ ఒక చరుపు చరుస్తాను. మీరూ ఆగాలి."

"గాజు పనిలో తిప్పడం ఆపడమంటే..." అని అల్లుడు గొణిగి, అత్తగారి ముఖం చూసి, "సరేనండీ" అన్నాడు. అల్లుళ్ళు అత్తగార్లతో అనే సరేనండీ ఎలాంటిదో అందరికీ తెలిసిందే.

బుధవారం పొద్దున మూస కింద కారిన గాజు కొంగ కాలంత పొడుగు సాగి గడ్డకట్టి ఉంది. రైటమ్మ గోనెపట్టా మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. "స్వామీ, ఈ ఒక్క ట్రిప్పు డిపో చేర్చు" అనుకుంది. ఎంత వారించినా వినకుండా కూతురు తడిపిన చెక్క తెడ్డు ఒకటి పట్టుకుని మొగుడి పక్కన నిలబడింది. ఎర్రటి గాజు సెగకు పనివాడి చెయ్యి కమిలిపోకుండా మధ్యలో ఆ చెక్క అడ్డుపెట్టాలి. "దీనికి ఒక్క చెయ్యి చాలు. రెండోదానికి సెలవు" అంది.

మూస అడుగు దాకా గొట్టం దించి అల్లుడు ఆఖరి గాజు తీశాడు. బల్ల మీదికి తెచ్చాడు. టక్ టక్. రైటమ్మ ఊదింది. టక్. ఆపింది. వేడిగూడు. మళ్ళీ బల్ల. టక్ టక్. తడి కాగితం మీంచి ఆవిరి, ఆవిరి వెనక పొగ. అందులో నిన్నటి వార్తలు ఒక్కొక్కటే కాలిపోతున్నాయి. బుడగ పెరుగుతోంది. నారింజ, బొప్పాయి, చిన్న పుచ్చకాయ. ఎవరూ మాట్లాడలేదు. పట్టకారూ ఇనుమూ మాట్లాడుకున్నాయి. మధ్యమధ్య అల్లుడు మాత్రం "అమ్మ నా తల్లే, అమ్మ నా బంగారమే" అంటున్నాడు. అది గాజునో, గొట్టం చివరి మనిషినో అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఆఖరిసారి వేడిచేసి తెచ్చాక రైటమ్మ పెదవులకు ఏదో తేడా తగిలింది. గొట్టం తిరిగిన ప్రతిసారీ ఒకచోట చిన్నగా తోస్తోంది. గొట్టం వెంబడి చూపు సారించింది. గోళం నడిమధ్యన తిరగడం లేదు. ఒక పక్క బరువై, జనమంతా ఒకే తలుపు దగ్గర వేలాడుతున్న బస్సులా ఒరుగుతోంది. అల్లుడికి అది కనబడదు. కంట్లో చెమట, ఎదుట పొగ. పైగా అతని చెయ్యి కాలకూడదని పెళ్ళాం ప్రేమగా పట్టుకున్న చెక్క సరిగ్గా ఆ వైపునే మూసేసింది.

ఇంకో నాలుగు చుట్లు తిరిగితే ఆ ఒరుగు అలాగే బిగుసుకుపోతుంది. ఒక పక్క మందం, ఒక పక్క సూది.

రైటమ్మ తొందరపడలేదు. స్టాపులో నిలబడ్డ ముసలమ్మ ఎదుటికి సరిగ్గా తలుపు వచ్చేలా బండి ఆపించడం ఆవిడకు కొత్త కాదు. ఒక చుట్టు వదిలింది. రెండో చుట్టు లెక్కపెట్టింది. ఒరిగిన పక్క పైకి వస్తుండగా, వేలి కణుపుతో బల్ల ఇనుము మీద కొట్టింది.

టక్.

పదహారేళ్ళుగా గొట్టం మీద ఆగని చెయ్యి అది. నిద్రలో కూడా దుప్పటి అంచు తిప్పే చెయ్యి. ఆగింది.

కూతురు కెవ్వుమంది. "ఏంటండీ ఆపేశారు! జారిపోతుంది!"

జారింది నిజమే. పైనున్న బరువు, ఇరుకు సీట్లో పక్కవాళ్ళ కోసం సర్దుకు కూర్చునే మనిషిలా, మెల్లగా కిందికి జరిగి, నడిమికి వచ్చింది. అల్లుడికి అప్పుడు అర్థమైంది, కళ్ళు పెద్దవయ్యాయి. అయినా చెయ్యి కదపలేదు. బరువైన పక్క పైన ఉండగా ఆపితే అదే కిందికి సర్దుకుంటుందని అతనికీ తెలుసు, కాకపోతే ఎక్కడ ఆపాలో చూడాల్సిన కళ్ళు ఇప్పుడు అత్తగారివి. ఆవిడ చెబితేనే కదలాలి.

టక్ టక్.

గొట్టం తిరిగింది. గోళం నిండు చందమామలా, ఎటూ తొణక్కుండా తిరిగింది.

తర్వాతంతా పరుగే. అల్లుడు మెడ దగ్గర నొక్కాడు, నీటి చుక్క వేశాడు, గొట్టం మీద ఒక్క దెబ్బ. గోళం ఊడి దూది పరుపులాంటి పెట్టెలో పడింది. లావుపాటి చేతితొడుగులతో దాన్ని ఎత్తుకుని పరుగెత్తాడు. రైటమ్మ చల్లార్చే పొయ్యి తలుపు తీసి, మళ్ళీ మూసి, వీపు ఆనించి నిలబడింది, దొంగలెవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు, రొప్పుతూ. "నాకు కనబడలేదండీ."

"ఎలా కనబడుతుంది బాబూ? డ్రైవరు ముందుకు చూడాలి. వెనక చూడ్డానికి జీతమిచ్చి ఇంకో మనిషిని పెట్టేది అందుకేగా."

"మీకు భయం వెయ్యలేదాండీ?"

"ఎందుకు వెయ్యలేదూ! నేను చరిస్తే మీరు ఆగుతారో ఆగరో అని. నిన్న మీరన్న 'సరేనండీ' నేను నమ్మానా ఏంటి?"

అల్లుడు పకపకా నవ్వాడు. అతను నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడుతుందని పదకొండేళ్ళకు ఆవిడకు తెలిసింది.

గాజు నిదానంగా చల్లారాలి. తొందరపడి తలుపు తీస్తే పగులుతుంది. మూడు రోజులు ఆ పొయ్యి తలుపు తీయకూడదు. గురువారం అల్లుడు కొలిమి ఆర్పేశాడు. ఆ హోరు ఆగిపోతే షెడ్డంతా చెవులు మూసుకున్నట్టయింది. అతను పనిముట్లు తుడిచి, తుడిచినవే మళ్ళీ తుడిచాడు. ఉతికిన చొక్కా ఒకటి సోమవారానికి కొక్కేనికి తగిలించాడు. కూతురు దాని వైపు చూడకుండా అటూ ఇటూ తిరిగింది. రైటమ్మ గంటకోసారి పొయ్యి దగ్గరికి వెళ్ళి చెవి ఆనించి వచ్చేది.

"ఏం వినబడుతోందమ్మా?"

"ఏమీ వినబడలేదు. అదే మంచి కబురు."

శనివారం డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి జబ్బు ఉందేమోనన్నట్టు చూసే మనిషి. అల్లుడు పొయ్యి తలుపు తీశాడు. గోళం పగలలేదు. చేతుల్లోకి తీసుకుని, దూలానికి వేలాడదీసి, లోపల బల్బు అమర్చాడు. స్టూలు ఎక్కింది మాత్రం అతనే. కూతుర్ని రైటమ్మ కుర్చీలోంచి లేవనివ్వలేదు.

"గాజు సంగతి నాకు తెలీదు. రోగుల కళ్ళతోనే చూస్తాను" అంటూ డాక్టరమ్మ సంచీలోంచి చుక్కల మందు తీసి, తల పైకెత్తి, తన రెండు కళ్ళలోనూ వేసేసుకుంది.

"అయ్యో, మీకు మీరే!" అంది రైటమ్మ.

"రోజూ వందమందికి వేస్తాను. వేయించుకుంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను. అబ్బ, మండుతోంది!"

అరగంట ఆగాలి. అరగంటా రైటమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. తలుపు సందులోంచి ఎండ పడుతుంటే లేచి, తన కొంగు అడ్డంగా పట్టుకుంది. డాక్టరమ్మ నల్లగుడ్లు మెల్లగా పెద్దవై, కళ్ళంతా అవే అయ్యాయి.

ముందు ఉత్త బల్బు ఒకటి వెలిగించారు. ఆవిడ "అమ్మో" అని ముఖం తిప్పేసుకుంది. అది ఆర్పి, గోళంలో దీపం వేశారు.

డాక్టరమ్మ మెల్లగా తల ఎత్తింది. రెప్ప వేయలేదు.

"తిప్పండి" అంది.

తిప్పడం అల్లుడికి చెప్పాలా! వేళ్ళ కొసలతో గోళాన్ని ఒక చుట్టు తిప్పాడు. పాలవెలుగు ఆవిడ ముఖం మీద అలాగే నిలిచింది. ఎక్కడా సూది లేదు.

"ఇంకోసారి."

మళ్ళీ తిప్పాడు. సగం చుట్టులో "ఆగండి" అంది ఆవిడ. అల్లుడి వేళ్ళు ఆగాయి. అతని ఊపిరీ ఆగింది. కొక్కేనికి ఉన్న చొక్కా వైపు కూతురి చూపు వెళ్ళింది.

"ఇక్కడ కొంచెం మందంగా ఉంది కదూ?"

అల్లుడు అబద్ధం చెప్పలేడు. "ఉందండీ" అన్నాడు.

"ఇటు చూస్తే నాకు ఇంకా హాయిగా ఉంది. మిగతా వైపులు పాలలా ఉన్నాయి, ఇది మీగడలా ఉంది. దీన్ని తలుపు వైపుకు తిప్పి పెడదాం. ఎండలోంచి లోపలికి వచ్చేవాళ్ళ కళ్ళు మొదట పడేది అక్కడేగా. మిగతా వాటిలోనూ ఇలా ఒక మీగడ పక్క ఉంచగలరా?"

అల్లుడు అత్తగారి వైపు తిరిగాడు.

"ఉంచగలం తల్లీ" అంది రైటమ్మ. "పదకొండుకు పదకొండూ. కొలిమి కట్టేదాకా నేను ఇక్కడే ఉంటాను. అమ్మాయి ఎముక అతుక్కున్నా సరే, ఈ బండికి ఇక ఇద్దరు కండక్టర్లు."

డాక్టరమ్మ సంచీలోంచి ఒప్పందం కాగితం తీసింది. కలం తీసింది. కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వేసింది.

"నేనే వేసుకున్న మందు! ఒక్క అక్షరం కనబడటం లేదు. ఏం రాసుందో ఎలాగూ తెలుసు. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు."

"ఇదిగో, నా వేలు పక్కన" అంటూ రైటమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కాగితం మీదికి తెచ్చి, చూపుడువేలు ఆనించింది.

డాక్టరమ్మ నమ్మకంగా, పెద్దగా, వంకరటింకరగా సంతకం పెట్టింది. సగం కాగితం మీద పడింది. మిగతా సగం రైటమ్మ గోరు మీదికి ఎక్కింది.

అల్లుడు కంగారుగా వంగి చూశాడు. "సగం సంతకం చెల్లుతుందంటారా అత్తయ్యగారూ?"

"ఎందుకు చెల్లదు బాబూ! ఈవిడకు కళ్ళు కనబడవు, ఎలాగూ చెయ్యి పట్టుకుని ఆస్పత్రి దాకా నేనే దింపాలి. ఆ మిగతా సగాన్నీ నాతోనే పట్టుకెళ్తాను" అని రైటమ్మ చెప్పులు వేసుకుంది.